కావలి చదువుకా, చదివేవాడికా?

1820 నవంబరు. ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ విద్యార్థి ఒకడు డిగ్రీ పరీక్షకుల ముందు నిలబడి చేతులెత్తేశాడు. వయసు 19. నెలల తరబడి చదివి చదివి ఒళ్లూ మనసూ అలిసిపోయాయి. అనుకున్న దానికన్నా ఒక రోజు ముందే పిలుపు వచ్చేసరికి బుర్రలో ఉన్నదంతా చెదిరిపోయింది. ఫలితాల్లో గణితం కింద అతని పేరే లేదు. గ్రీకు, లాటిన్ల జాబితాలో మాత్రం అడుగు వరుసలో ఎక్కడో దొరికింది. కాలేజీ పేరు నిలబెడతాడని అందరూ అనుకున్న కుర్రాడు అతను.

రెండేళ్లు తిరక్కుండానే, 1822 ఏప్రిల్లో, అదే కుర్రాడు ఓరియల్ కాలేజీలో సభ్యుడిగా చేరేందుకు పెట్టే ఫెలోషిప్ పరీక్షకు కూర్చున్నాడు. అప్పటి ఆక్స్‌ఫర్డ్‌లో గట్టి పరీక్ష అంటే అదే. సగంలో ధైర్యం జారిపోయింది, లేచిపోదామనుకున్నాడు. ఆ సమయంలో ట్రినిటీలో తనకు చదువు చెప్పిన ట్యూటర్ థామస్ షార్ట్ నుంచి కబురు వచ్చింది. వెళ్లేసరికి షార్ట్ భోజనం చేస్తున్నాడు: గొర్రెపిల్ల మాంసం, వేయించిన పార్స్లీ ఆకు. కుర్రాడి ముఖం చూసి సంగతి కనిపెట్టాడు, నాలుగు మాటలు చెప్పి మళ్లీ పరీక్షకు పంపాడు. ఓరియల్ ఫెలోలు అప్పటికే తన దగ్గరికి వచ్చి ఈ కుర్రాడి గురించి వాకబు చేసి వెళ్లారన్న ముక్క మాత్రం బయటపెట్టలేదు. ఏప్రిల్ 12న కుర్రాడు ఓరియల్ ఫెలో అయ్యాడు.

అతని పేరు జాన్ హెన్రీ న్యూమన్. తర్వాతి కాలంలో కార్డినల్, 2019లో కేథలిక్ చర్చి ప్రకటించిన పునీతుడు. ఆ మధ్యాహ్నం షార్ట్ చేసిన పని పాఠం చెప్పడం కాదు, వైద్యం కాదు, తండ్రి చేసే పని కూడా కాదు. మరి దాన్ని ఏమనాలి? అది ఉద్యోగంలో భాగమా, ఉద్యోగం దాటిన దయా? రెండు శతాబ్దాలుగా ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

1826లో న్యూమన్ తానే ఓరియల్లో ట్యూటర్ అయ్యాడు. అప్పటికి మతాచార్యుడిగా దీక్ష తీసుకుని ఉన్నాడు. అందువల్ల అతనికొక ధర్మసందేహం పట్టుకుంది. ఆత్మల బాగోగులు చూస్తానని ప్రమాణం చేసినవాడు గ్రీకు వ్యాకరణం చెప్పి జీతం పుచ్చుకోవచ్చా? ట్యూటర్ పని కూడా పాదరి పనే అయితే పుచ్చుకోవచ్చు, కాకపోతే కూడదు అని తేల్చుకున్నాడు. 1636 నాటి ఆక్స్‌ఫర్డ్ నిబంధనలే శిష్యుడి నడవడికి, మత విశ్వాసానికి ట్యూటర్‌ను జవాబుదారీ చేశాయన్నది అతని వాదన. సహ ట్యూటర్లు హరెల్ ఫ్రూడ్, రాబర్ట్ విల్బర్‌ఫోర్స్‌లతో కలిసి ఒక పద్ధతి తయారు చేశాడు. ప్రతి ట్యూటర్‌కూ తనవారంటూ కొందరు శిష్యులుంటారు. వాళ్లు ఏం చదువుతున్నారో, ఎలా ఉన్నారో ఆ ట్యూటరే చూసుకుంటాడు. పరీక్షల కోసం బయట డబ్బు పోసి ప్రైవేటు మాస్టర్లను పెట్టుకోవలసిన అవసరం లేకుండా, వాళ్ల కోసం అదనపు సమయం తానే ఇస్తాడు.

కాలేజీ పెద్ద ఎడ్వర్డ్ హాకిన్స్‌కు ఇది నచ్చలేదు. 1828లో ఆ పదవికి జరిగిన ఎన్నికలో హాకిన్స్‌ను బలపరిచినవాళ్లలో న్యూమన్ ఒకడు! హాకిన్స్ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికీ లేదు. ట్యూటర్ తనకు నచ్చిన కొద్దిమందిని చుట్టూ చేర్చుకుంటే మిగతావాళ్ల గతేమిటి? అంత దగ్గరితనంలో ఒక పెద్దమనిషి అభిప్రాయాలు ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మీద ఎంత బరువుగా పడతాయి? న్యూమన్ దిగిరాలేదు. 1830 నుంచి హాకిన్స్ అతనికి కొత్త శిష్యులను కేటాయించడం మానేశాడు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చదువు ముగించి వెళ్లిపోయారు. ట్యూటర్ పదవి ఉంది, శిష్యులు లేరు.

అసలు ట్యూటర్ అన్న మాట బడిలో పుట్టలేదు, కోర్టులో పుట్టింది. లాటిన్లో దాని మూలానికి కాపాడటం, కావలి కాయడం అని అర్థం. రోమన్ చట్టంలో తండ్రి పోయిన పసివాడి ఆస్తిని చూసే సంరక్షకుడే ట్యూటర్, ఆ పసివాడు పుపిల్లుస్. నేటి ఇంగ్లీషులో శిష్యుణ్ణి ప్యూపిల్ అనడం దాన్నుంచే. పసివాడు ఎదిగాక ట్యూటర్ లెక్కలు అప్పజెప్పాలి. వంచించినట్టు రుజువైతే నష్టపరిహారంతో పాటు సంఘంలో పరువూ పోయేది. అంటే ఈ సంబంధంలో ఆది నుంచీ రెండు సంగతులున్నాయి: ఒకడు బలహీనుడు, రెండోవాడు జవాబు చెప్పుకోవలసినవాడు.

ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలు ఈ పోలికను చాలాకాలం యథాతథంగా నడిపించాయి. వయోజనుడు కావడానికి చట్టం పెట్టిన హద్దు 21 ఏళ్లు కాబట్టి విద్యార్థి మైనరు, కాలేజీయే తల్లిదండ్రుల స్థానంలో ఉండేది. రాత్రి గేటు మూసే వేళా, గదిలోకి ఎవరు రావచ్చన్న నియమమూ అందులోంచి వచ్చినవే. 1969 నాటి కుటుంబ చట్ట సంస్కరణతో, 1970 జనవరి 1 నుంచి, ఆ హద్దు 18కి దిగింది. విద్యార్థులు ఒక్క రాత్రిలో పెద్దవాళ్లయ్యారు. రోమన్ అర్థంలో పుపిల్లుస్ మాయమయ్యాడు, ట్యూటర్ మాత్రం మిగిలాడు. కాపాడవలసిన పసివాడు లేనప్పుడు కావలివాడు ఏం చేయాలి?

ఇవాళ బ్రిటన్‌లో దాదాపు ప్రతి విశ్వవిద్యాలయం విద్యార్థికి ఒక పర్సనల్ ట్యూటర్‌ను చూపిస్తుంది. ఎక్కువ చోట్ల అతను లేదా ఆమె అదే విభాగంలో పాఠం చెప్పే అధ్యాపకులే. చేరిన కొత్తలో ఒకసారి, ఆ తర్వాత టర్ముకొకటి రెండుసార్లు కలుస్తారు. మార్కులు చూసి ఎక్కడ తగ్గాయో మాట్లాడతారు. జబ్బు చేసినా, ఇంట్లో చావు జరిగినా గడువు పొడిగించమని ఎక్కడ అర్జీ పెట్టాలో చెబుతారు. డబ్బు ఇబ్బందికీ, దిగులుకూ ఏ తలుపు తట్టాలో చూపిస్తారు. చివర్లో ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాస్తారు. చూడటానికి చిన్న చిన్న పనులు. కానీ వందలమంది కూర్చునే లెక్చర్ హాల్లో తన పేరు తెలిసిన అధ్యాపకుడు ఒక్కరైనా ఉన్నారన్న భరోసా చాలామందికి ఈ ఏర్పాటు వల్లే దక్కుతుంది.

కేంబ్రిడ్జ్‌ది ఇంకో దారి. అక్కడి కాలేజీల్లో ట్యూటర్ అనే మనిషి తన విద్యార్థికి పాఠం చెప్పడు. చదువు సంగతి చూడటానికి డైరెక్టర్ ఆఫ్ స్టడీస్ వేరే ఉంటారు, వారం వారం కూర్చోబెట్టి చెప్పే సూపర్‌వైజర్లు వేరే. ట్యూటర్ చరిత్ర ఆచార్యుడు కావచ్చు, విద్యార్థి ఇంజనీరింగ్ చదువుతూ ఉండవచ్చు. కావాలనే అలా పెట్టారు. మార్కులు వేసే మనిషికి కన్నీళ్లు కనపడనివ్వాలంటే ఎవరికైనా జంకే. న్యాయమూర్తి, ఆప్తుడు ఒకే కుర్చీలో కూర్చోకూడదన్న వివేకం ఇందులో ఉంది. హాకిన్స్ భయానికి ఇది మర్యాదైన జవాబు. న్యూమన్ మాత్రం దీన్ని ఒప్పుకునేవాడు కాదేమో. చదువును, చదివేవాణ్ణి విడదీస్తే రెండింటినీ సగం సగమే చూసినట్టవుతుందన్నది అతని పట్టు.

ఈ విడదీత ఎక్కడికి దారి తీయగలదో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం కేసు చూపించింది. భౌతికశాస్త్రం రెండో ఏడు చదువుతున్న 20 ఏళ్ల అమ్మాయికి నలుగురి ముందు మాట్లాడటమంటే తీవ్రమైన భయం. ప్రయోగాల మీద మౌఖిక పరీక్షలకు వెళ్లలేకపోయేది, వెళ్లినా నోరు పెగిలేది కాదు, మార్కులు పోయేవి. 2018 ఏప్రిల్ 30న పెద్ద హాల్లో అందరి ముందు ప్రసంగించవలసిన రోజున ఆమె ప్రాణం తీసుకుంది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వైకల్యం ఉన్న విద్యార్థికి పరీక్ష పద్ధతిని సర్దుబాటు చేయకపోవడం వివక్షేనని, 2010 నాటి సమానత్వ చట్టానికి విరుద్ధమని 2022లో కౌంటీ కోర్టు తీర్పునిచ్చింది, సుమారు 50 వేల పౌండ్ల పరిహారం విధించింది. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. అయితే విద్యార్థి పట్ల జాగ్రత్త వహించే సాధారణ బాధ్యత విశ్వవిద్యాలయానికి చట్టరీత్యా ఉందా అన్న పెద్ద ప్రశ్నకు కౌంటీ కోర్టు లేదంది, హైకోర్టు ఆ జోలికే పోలేదు. ఆ బాధ్యతను చట్టంలో రాయాలని బిడ్డలను పోగొట్టుకున్న కుటుంబాలు పెట్టిన వినతిపత్రం మీద 1,28,000 మందికి పైగా సంతకం చేశారు. 2023 జూన్ 5న పార్లమెంటులో చర్చ జరిగింది. ప్రభుత్వం కొత్త చట్టానికి మొగ్గు చూపలేదు.

ఆ అమ్మాయి విషయంలో చదువు సమస్య ఏది, మనసు సమస్య ఏది? రాని మార్కే ఆమె బాధ, ఆమె బాధే రాని మార్కు. రెండు ఫైళ్లుగా విడగొడితే ఏ ఫైల్లోనూ ఆ మనిషి కనిపించదు.

ఇక్కడ చట్టం ఆగి తత్త్వం మొదలవుతుంది. పట్టించుకోమని ఒకరిని ఆజ్ఞాపించగలమా? 1785లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఈ చిక్కును ముట్టుకున్నాడు. ప్రేమను ఒక అనుభూతిగా చూస్తే అది ఆజ్ఞకు లొంగదు. కానీ ఇష్టం ఉన్నా లేకపోయినా మేలు చేయడం మనిషికి విధి కాగలదు, పొరుగువాణ్ణి ప్రేమించమన్న బైబిల్ ఆజ్ఞను అలాగే అర్థం చేసుకోవాలి అన్నాడు. ఈ లెక్కన పర్సనల్ ట్యూటర్‌కు విద్యార్థి మీద వాత్సల్యం ఉండాలన్న షరతు లేదు. మంగళవారం మూడు గంటలకు తలుపు తీసి ఉంచితే చాలు.

అది చాలదని సిమోన్ వేయ్‌ని చదివినవాళ్లకు తెలుస్తుంది. 1931 నుంచి ఫ్రాన్స్‌లో ఆడపిల్లల బడుల్లో తత్త్వశాస్త్రం చెప్పిన పంతులమ్మ ఆమె. 1942లో, బడి చదువులకూ దైవభక్తికీ ఉన్న సంబంధం గురించి ఒక వ్యాసం రాసింది. రేఖాగణితం లెక్క ఎంతసేపు కుస్తీ పట్టినా తేలకపోవచ్చు; అయినా ఆ గంట వృథా కాదంటుంది. ఆ గంటలో పెరిగింది ధ్యాస. ప్రార్థన అంటే ఆ ధ్యాసే, బాధలో ఉన్నవాణ్ణి చూడగలగడమంటే కూడా ఆ ధ్యాసే. తనను తాను కాసేపు పక్కన పెట్టి, ఎదుటివాడు ఉన్నది ఉన్నట్టుగా లోపలికి రానివ్వడం. అలా చూసి నీకేమైందని అడగగలిగేవాళ్లు చాలా అరుదని ఆమె అభిప్రాయం.

ట్యూటర్ గదికి ఇంతకన్నా నేరుగా వర్తించే ఆలోచన ఇంకొకటి దొరకదు. విద్యార్థి రాసిన వ్యాసంలో మూడో పేజీ నుంచి వాదన ఎందుకు పట్టు తప్పిందో చూసే కన్నూ, ఆ విద్యార్థి మూడో వారం నుంచి ఎందుకు రావడం లేదో చూసే కన్నూ ఒకటే. గడువు దాటిన వ్యాసమే చాలాసార్లు మొదటి ఆనవాలు. చదువును శ్రద్ధగా చూడని ట్యూటర్‌కు దిగులూ కనపడదు. అంతమాత్రాన ట్యూటర్ వైద్యుడు కానక్కర్లేదు, కాకూడదు కూడా. కనిపెట్టడం, అడగడం, చేయి పట్టుకుని సరైన చోటికి చేర్చడం. షార్ట్ భోజనం బల్ల దగ్గర చేసింది అంతే. విశ్వవిద్యాలయం కలుసుకోమని నియమం పెట్టగలదు, కనిపెట్టమని పెట్టలేదు. కానీ కలుసుకోవడమే లేనిచోట కనిపెట్టే అవకాశం ఎక్కడిది?

మన సంప్రదాయంలో ఈ సంగతిని సూటిగా చెప్పినవాడు ఆపస్తంబుడు. తెలుగునాట వైదిక కుటుంబాల్లో చాలామందిది ఆపస్తంబ సూత్రమే. ప్రవరలో ఆ పేరు చెప్పుకునేవాళ్లలో ఎందరు ఆయన ధర్మసూత్రం తెరిచి చూశారో గానీ, గురువు బాధ్యతల గురించి అందులో ఉన్నది నేటి నియమావళికి తీసిపోదు. శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, ఏదీ దాచుకోకుండా ధ్యాసపెట్టి చెప్పాలి. ఆపద వేళల్లో తప్ప, చదువు చెడేలా వాణ్ణి సొంత పనులకు వాడుకోకూడదు. చెప్పడంలో అశ్రద్ధ చేసిన గురువు ఇక గురువే కాడు. అయితే ఆ గురుకులం అందరిదీ కాదు. కొన్ని వర్ణాల మగపిల్లలకే ఆ తలుపు తెరుచుకునేది. కొడుకులా చూడటం గొప్పే, ఎవరు ఆ కొడుకు కాగలరన్నది ముందే తేలిపోయి ఉండేది. న్యూమన్ నాటి ఆక్స్‌ఫర్డ్ కూడా ఇంగ్లండ్ చర్చి నమ్మకాలకు సంతకం పెట్టిన మగవాళ్లదే. హాకిన్స్ అడిగిన మిగతావాళ్ల గతి అన్న ప్రశ్న ఈ రెండు చోట్లా మోగుతుంది.

దగ్గరితనంలో ఇంకో ప్రమాదం ఉంది. గురువు చేతిలో బలం ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఉన్నత విద్యను నియంత్రించే ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ 2025 ఆగస్టు 1 నుంచి అమలు చేస్తున్న షరతు, సిబ్బందికీ విద్యార్థులకూ మధ్య ప్రణయ సంబంధాల్లో అధికార దుర్వినియోగం జరగకుండా విశ్వవిద్యాలయాలే చర్య తీసుకోవాలంటుంది. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించిన శిష్యుణ్ణి సాగనంపుతూ ఆచార్యుడు ఒక మాట చెబుతాడు. తమలో మంచి నడవడి ఏదుందో దాన్నే పట్టుకోమంటాడు, తక్కినది వద్దంటాడు. తన హద్దు తానే గీసుకున్న గురువు అతను.

ఇక తెలుగు పిల్లల సంగతి. ఏడాది మాస్టర్స్ కోసం హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో బ్రిటన్ వెళ్లినవారికి పర్సనల్ ట్యూటర్ అన్న ఏర్పాటు మొదట అర్థం కాదు. పేరు పెట్టి పిలవమంటారు, నోట్లోంచి మాత్రం సర్ అనే వస్తుంది. పిలవకుండా వెళ్లి తలుపు తట్టడం మన అలవాటులో లేదు. కష్టం చెప్పుకుంటే అది రిపోర్టులోకి ఎక్కుతుందేమోనన్న అనుమానం ఒకటి. ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కూడా కాదు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు చదువు కొనసాగిస్తున్నారో లేదో చూసి, మానేస్తే వీసాలు చూసే హోం ఆఫీసుకు తెలపడం విశ్వవిద్యాలయం బాధ్యత. టర్ములో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అద్దె కోసం రాత్రి షిఫ్టు చేసి తరగతికి రానివాడు తన కష్టాన్ని ఏ సంస్థ మనిషితో చెప్పుకోవాలో, ఆ గైర్హాజరు చివరికి చేరేదీ ఆ సంస్థ రికార్డులోకే. కావలివాడు ఎవరి తరఫున కాస్తున్నాడన్న ప్రశ్న వీళ్ల దగ్గర మహా పదునుగా ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పడమూ తేలిక కాదు. పద్దెనిమిది దాటిన విద్యార్థి అనుమతి లేకుండా తల్లిదండ్రులతో మాట్లాడటానికి సంస్థలు వెనకాడతాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 2018 నుంచి, ఆపద వస్తే ఇంట్లో ఎవరికి చెప్పాలో, చెప్పవచ్చో లేదో, విద్యార్థినే ముందుగా అడిగి రాసుకుంటోంది. పెద్దవాడి స్వేచ్ఛకూ, పిల్లాడిమీది బెంగకూ మధ్య ఒక ప్రశ్నను ఉంచారన్నమాట.

మన దగ్గర కోచింగ్ అన్న మాట తెలియని వీధి లేదు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టరును కోచ్ అనే గుర్రపు బండితో పోల్చి వాడుకున్న యాసలోంచి వచ్చిన మాట అది. న్యూమన్ తన శిష్యులకు అవసరం లేకుండా చేయాలనుకున్నది సరిగ్గా ఈ బండినే. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. పరీక్షల వేళ చిన్న చిన్న జట్లకు ప్రత్యేకంగా మెంటార్లను కేటాయించాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, నలుగురిలో సిగ్గుపరచకూడదు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు కోసం ఆ కాలేజీలు మెంటార్‌కు ఎంతమంది విద్యార్థులో లెక్క చూపడం అంతకుముందు నుంచే ఉంది. రిజిస్టర్లో సంతకాలున్నాయి. ఆ సంతకానికి ముందు ఎవరైనా ఎవరినైనా ఏమైందని అడిగారా అన్నది ఏ రిజిస్టరూ చెప్పదు.

విద్యార్థులు ఇంతమంది ఉంటే ఒక్కొక్కరినీ పట్టించుకునే ఏర్పాటు అందరికీ అందదని కొందరు అనవచ్చు. దానికి ఒక జవాబు హైదరాబాదులో ఉంది. 1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఇక్కడ పుట్టిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, రోజూ తరగతికి రాలేని వాళ్ల కోసం పెట్టినది. దాని స్టడీ సెంటర్లలో పాఠం చెప్పే మనిషిని లెక్చరర్ అనరు, కౌన్సెలర్ అంటారు. పేరులోనే ఆశ ఉంది.

న్యూమన్ ఓరియల్లో ఓడిపోయాడు కానీ ఆలోచన వదల్లేదు. 1845లో కేథలిక్ మతం తీసుకున్నాడు. 1852లో విశ్వవిద్యాలయం గురించి రాసిన డబ్లిన్ ప్రసంగాల్లో, ట్యూటర్లూ సహవాసమూ లేకుండా పరీక్ష పాసైన వారికల్లా డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం కన్నా, పాఠాలూ పరీక్షలూ లేకుండా కుర్రాళ్లను కొన్నేళ్లు కలిపి ఉంచి పంపించే చోటే మేలని తెగేసి చెప్పాడు. 1854లో కేథలిక్ విశ్వవిద్యాలయం తెరిచినప్పుడు విద్యార్థులను చిన్న చిన్న ఇళ్లలో ఉంచి, ఇంటికొక పెద్దను పెట్టాడు. ఒక ఇంటి భారం తానే తీసుకున్నాడు.

మతం మార్చుకున్నాక 1846 ఫిబ్రవరిలో విడిచిపోయిన ఆక్స్‌ఫర్డ్‌లో 32 ఏళ్లపాటు అడుగు పెట్టలేదు. ఒకప్పుడు పరీక్షలో బోల్తాపడి తాను నిరాశపరిచిన ట్రినిటీ కాలేజీయే చివరికి అతణ్ణి తన మొదటి గౌరవ ఫెలోగా ఎన్నుకుని పిలిచింది. 1878 ఫిబ్రవరి ఆఖరి వారంలో, 77 ఏళ్ల వయసులో, వెళ్లాడు. అతని ట్యూటర్ థామస్ షార్ట్ ఇంకా అక్కడే, ఆ కాలేజీ గదుల్లోనే ఉన్నాడు. తొంభైకి దగ్గర పడుతున్న వృద్ధుడు. న్యూమన్ ఆ గదికి వెళ్లి ఆయన్ని కలిశాడు.